మెట్లు లేని రేవులు

రిపోర్టు వచ్చేదాకా ఆ మాట ఇంట్లో ఎత్తకూడదని ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. నోరు ఊరుకోనప్పుడు ఓడ గురించి మాట్లాడుకోవాలి. ఈ ఏర్పాటు ఆవిడదే. ఆసుపత్రి నుంచి తిరిగొస్తూ, బస్సు కుదుపులకు ఎడమ రొమ్ము మీద వేసిన పట్టీ కదలకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని, కిటికీలోంచి చూస్తూ అంది.

"పది రోజులు పడుతుందన్నారు. పది రోజులూ ఆ గడ్డ గురించే మాట్లాడుకుంటూ కూర్చుంటే ఇద్దరికీ పిచ్చెక్కుతుంది. ఎన్నేళ్ళుగానో అనుకుంటున్నాం కదా, ఆ యూరప్ ఓడేదో ఈ పది రోజుల్లో తేల్చేద్దాం."

ఆయన తలూపాడు. పెళ్ళయిన ఇరవై ఏడేళ్ళలో ఆయన బాగా సాధన చేసిన పని అదే. పిల్లలు లేని ఇల్లు, ఇద్దరే మనుషులు, ఒకరు చెప్పడానికీ ఒకరు తలూపడానికీ సరిపోయింది. కానీ ఆ రోజు తలూపుతున్నప్పుడు మాత్రం ఆయన వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు. ఎందుకంటే ఆ పది రోజుల్లో ఏ రోజు ఏం జరుగుతుందో ఆవిడకు తెలియదు, ఆయనకు తెలుసు.

ఆయన పని ఆసుపత్రి ల్యాబులో. మనుషుల ఒంట్లోంచి తీసిన ముక్కల్ని మైనం పోసి దిమ్మ కట్టి, మిషను మీద ఉల్లిపొరకన్నా పల్చగా కోసి, గాజు స్లైడు మీద పరిచి, రంగు వేసి, డాక్టరమ్మ బల్ల మీద వరసగా పెడతాడు. అక్కడితో ఆయన పని అయిపోతుంది. ఆ రంగుల్లో ఏం రాసి ఉందో చదవడం డాక్టరమ్మ పని. వంటవాడు వడ్డించినంత మాత్రాన విందుకొచ్చినవాడు కాలేడు కదా, అలాగే. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ హద్దు ఆయన దాటలేదు. ఇంట్లోవాళ్ళ ముక్క వస్తే ముట్టుకోకూడదనే నియమం కూడా ఉంది. అందుకే ఆవిడ ముక్క వచ్చిన రోజున డాక్టరమ్మ దాన్ని పక్క బల్ల మీది టెక్నీషియనుకి ఇచ్చింది. ఆ టెక్నీషియన్ని ల్యాబులో చిన్నా పెద్దా అందరూ బావగారనే పిలుస్తారు. ఎవరికి బావో ఎవరికీ తెలియదు.

ఇక ఆవిడ ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. పాఠ్యపుస్తకాలు, మందుల డబ్బాల్లో పెట్టే కాగితాలు, న్యాయశాస్త్రం గ్రంథాలు, ఏదైనా ఆవిడ కళ్ళు దాటే అచ్చవ్వాలి. ఇంట్లో పేపరు చదువుతూ కూడా ఊరుకోదు. టీ పొట్లం మీద అక్షరం తేడా వచ్చినా ఆవిడకు ముద్ద దిగదు. ఆయన సరదాగా పోలీసమ్మా అని పిలిచేది అందుకే.

టూరు ఆఫీసాయన రెండు పుస్తకాలిచ్చాడు. తెల్ల అట్టది ఒకటి, నీలం అట్టది ఒకటి. తెల్ల ఓడ ఆరు నెలల తర్వాత బయల్దేరి దుబ్రోవ్నిక్, కోటోర్, కోర్ఫు, సాంటోరిని చూపిస్తుంది. నీలం ఓడ అయిదు వారాల్లోనే బయల్దేరి బార్సిలోనా, పాల్మా, మార్సెయ్, లివోర్నో మీదుగా రోముకు దగ్గరి రేవు దాకా వెళ్తుంది. తెల్ల ఓడలో కిటికీ ఉన్న గది ఒక్కటే మిగిలిందనీ, వచ్చే శుక్రవారం సాయంత్రం ఆరింటిదాకా వాళ్ళ పేరు మీద పట్టి ఉంచుతాననీ టూరు ఆఫీసాయన చెప్పాడు. రిపోర్టు వచ్చేదీ ఆ శుక్రవారమే. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తట్టింది, ఇద్దరూ పైకి అనలేదు.

మొదటి నాలుగు రోజులూ బాగానే గడిచాయి. సాయంత్రం టీ కప్పులు పక్కకి జరిపి, భోజనాల బల్ల మీద పుస్తకాలు పరిచేవాళ్ళు. ఆవిడకు మొదటి నుంచీ తెల్ల ఓడే నచ్చింది. దుబ్రోవ్నిక్ ఊరి చుట్టూ ఉన్న కోటగోడ మీద నడవచ్చట, ఒక పక్క ఎర్ర పెంకుల ఇళ్ళు, ఇంకో పక్క సముద్రం. కోటోర్‌లో ఊరి వెనక కొండ మీదికి పదమూడు వందల పైచిలుకు మెట్లు. ఆవిడ ఆ పేజీని రోజుకోసారి తెరిచి చూసుకునేది.

"ఈ లంగరు బొమ్మ చూశారా?" అంది ఒకరోజు, సాంటోరిని పేరు పక్కన వేలు పెట్టి. "అందరూ ఇది రేవుకి గుర్తనుకుంటారు. కింద సన్నక్షరాల్లో రాశాడు. ఓడ ఒడ్డు దాకా రాదట. నడిసముద్రంలో ఆగితే చిన్న పడవల్లో దింపుతారట."

"నీ కళ్ళు పడితే ఆ కంపెనీవాళ్ళు దివాళా తీస్తారు" అన్నాడాయన.

"దింపనీండి. చిన్న పడవలో వెళ్ళడమే బావుంటుంది" అని నవ్వింది. ఆయనకూ నవ్వొచ్చింది. కాసేపు నిజంగానే ఇంట్లో ఓడ తప్ప ఇంకేమీ లేనట్టుంది. తెల్ల ఓడే ఖాయమని ఆదివారం నాటికి అనుకున్నారు.

సోమవారం పదకొండింటికి బావగారు బల్ల మీద ఒక పసుపు చీటీ పెట్టుకోవడం ఆయన చూశాడు. మొదటి రంగుతో డాక్టరమ్మకు తేలకపోతే, ఇంకో రంగు వేసి చూపించమని పసుపు చీటీ రాసి పంపుతుంది. ఇందులో వింతేమీ లేదు, వారానికి పదీ పదిహేనూ వస్తాయి. కానీ ఆ చీటీ మీది నంబరు ఆయనకు కంఠతా వచ్చు. ఆసుపత్రి రసీదు మీద చూసిన రోజునుంచీ బస్సులో, స్నానాలగదిలో, నిద్రలో కూడా ఆ నంబరే ఆయన తలలో తిరుగుతోంది.

పసుపు చీటీ వచ్చిన కేసులు ఆయనకు ఎన్ని గుర్తున్నాయో! ఆరో అంతస్తు నర్సమ్మ, లాండ్రీవాడి చెల్లెలు, ఎప్పుడూ చాక్లెట్లు పంచే లెక్కల మేష్టారు. ముగ్గురూ పోయారు. ఆ ముగ్గురి చీటీలూ ఆయన చేతిమీదుగానే వెళ్ళాయి. గుర్తున్నవాళ్ళలో బాగుపడినవాళ్ళు ఒక్కరూ తట్టలేదు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళారు. ఆయన తనకు ఆకలి లేదన్నాడు. తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూసి, బావగారి ట్రేలోంచి ఆ స్లైడు తీసి మైక్రోస్కోపు కింద పెట్టాడు. మర ఎంత తిప్పినా బొమ్మ ఒక పట్టాన నిలవలేదు. నిలిచాక చూశాడు. ఊదారంగు చుక్కలు ఒకదాన్నొకటి తోసుకుంటూ, వరస తప్పి, సందుల్లోకి దూరిపోతున్నాయి. ఇలాంటివి ఆయన చూశాడు. పుస్తకాల్లో చూశాడు, డాక్టరమ్మ విద్యార్థులకు పాఠం చెబుతుంటే వెనక నిలబడి విన్నాడు. వరస తప్పి సందుల్లోకి దూరితే ఏమిటో ఆయనకు తెలుసు. తెలుసనుకున్నాడు. స్లైడు ట్రేలో పెట్టేసి, వెళ్ళి మొహం కడుక్కుని, కుళాయి కట్టేయడం మర్చిపోయి చాలాసేపు అద్దం ముందు నిలబడ్డాడు.

ఎవరికి చెప్పుకోవాలి? డాక్టరమ్మకు చెబితే ఉద్యోగం మాట దేవుడెరుగు, ముందు మొహం చూపించలేడు. బావగారికి చెబితే సాయంత్రానికల్లా ల్యాబంతా తెలుస్తుంది. ఆవిడకు చెప్పడమా! మింగలేక కక్కలేక ఆ రహస్యాన్ని ఇంటికి మోసుకొచ్చాడు. గుమ్మంలో ఆవిడ నవ్వుతూ ఎదురొచ్చి, "కోటోర్ మెట్ల మీద మధ్యలో చిన్న చర్చి కూడా ఉందట, తెలుసా?" అంది. చెప్పులు విప్పుకోవడానికి వంగినవాడు వెంటనే లేవలేకపోయాడు.

ఆ సాయంత్రం నుంచే ఆయన బుద్ధి వేరే లెక్కలు మొదలుపెట్టింది. ఆపరేషను, ఆ తర్వాత మందులు, జుట్టు, వాంతులు. ఆరు నెలల తర్వాత తెల్ల ఓడ బయల్దేరే రోజుకి ఆవిడ ఏ స్థితిలో ఉంటుంది? అసలు ఉంటుందా? అయిదు వారాల్లో బయల్దేరే నీలం ఓడ ఉంది కదా. డాక్టరు కాళ్ళు పట్టుకునైనా ఆపరేషను నెలన్నర వాయిదా వేయించి, ముందు అది చూపించేయాలి. నీరసంగా ఉంటుంది కాబట్టి ఎక్కడమూ దిగడమూ లేని ఊళ్ళు కావాలి. బస్సు గుమ్మం దాకా వెళ్ళే ఊళ్ళు కావాలి. ఇదంతా ప్రేమేనని ఆయన నమ్మాడు. ప్రేమ కాదని ఎవరూ అనలేరు గానీ, అందులో ప్రేమకన్నా బెదురు పాలు ఎక్కువ.

"నీలం ఓడ కూడా ఒకసారి చూద్దామా?" అన్నాడు మంగళవారం.

"మొన్నేగా తెల్లది ఖాయమన్నాం?"

"ఖాయమే అనుకో. ఊరికే చూద్దాం. ఆ దుబ్రోవ్నిక్ గోడ మీద నీడ ఉండదు. ఎండలో రెండు కిలోమీటర్లు నడవాలి." అని ఆ పేరు పెన్సిలుతో సన్నగా కొట్టేశాడు.

ఆవిడ కళ్ళజోడు పైనుంచి ఒకసారి చూసింది.

బుధవారం కోటోర్ పోయింది. ఆయన మోకాళ్ళ నొప్పి సాకు. ఆ మోకాళ్ళతోనే పొద్దున లిఫ్టు చెడిపోతే నాలుగంతస్తులు ఎక్కొచ్చాడు. సాంటోరిని కూడా పోయింది, చిన్న పడవ ఎక్కితే కడుపులో తిప్పుతుందని. ఇటు నీలం పుస్తకంలో పాల్మా చర్చికి టిక్కు, బార్సిలోనాకు టిక్కు, మార్సెయ్‌లో కొండమీది చర్చికి చిన్న రైలుబండి ఉందని రెండు టిక్కులు. లివోర్నో రేవులో దిగి వెళ్ళే పీసా దగ్గర మాత్రం ఊరికి టిక్కు పెట్టి, వాలిన గోపురం ఎక్కడమన్న మాట పక్కన గీత పెట్టాడు.

"కింద నుంచి చూస్తేనే అందం" అన్నాడు.

"మీకు ఇన్నేళ్ళుగా అందాల మీద ఇంత ఆసక్తి ఉందని నాకు తెలియదు" అంది ఆవిడ. గొంతు మామూలుగానే ఉంది. ఆయన గబుక్కున పేజీ తిప్పేశాడు.

ఆ మూడు రోజులూ ఆయన ఆవిడను కన్నార్పకుండా చూశాడు. జడ వేసుకుంటుంటే చూశాడు, కూర తరుగుతుంటే చూశాడు. కుర్చీలోంచి లేస్తూ బల్ల పట్టుకుంటే, పట్టుకుందేమిటని తనూ సగం లేచేవాడు. దగ్గితే ఒక భయం, దగ్గకపోతే ఇంకో భయం. ఆవిడ ఒకసారి పట్టేసుకుని, "ఏమిటలా చూస్తున్నారు?" అని సిగ్గుపడుతూ నవ్వింది. ఏమీ లేదన్నాడు.

గురువారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి బల్ల మీద టీ లేదు. రెండు పుస్తకాలూ తెరిచి పక్కపక్కన పెట్టి ఉన్నాయి. ఆవిడ వీపు నిటారుగా పెట్టుకుని, చేతిలో ఎర్ర పెన్నుతో కూర్చుంది. ఆ పెన్ను ప్రెస్సులోనే ఉండాలి, ఇంటికి తెచ్చే అలవాటు లేదు.

"కూర్చోండి. దుబ్రోవ్నిక్ ఎందుకు కొట్టేశారు?"

"ఎండన్నాను కదా."

"కోటోర్?"

"మోకాళ్ళు."

"సాంటోరిని పడవ కడుపులో తిప్పుతుంది, సరే. పీసా గోపురం లోపల ఎండ లేదు, పడవా లేదు. మీరెక్కకపోతే నేనొక్కదాన్నే ఎక్కొస్తాను. దాని పక్కన గీతెందుకు పడింది?"

ఆయన చొక్కా గుండీ తిప్పుకుంటూ కూర్చున్నాడు.

"ప్రూఫులో ఒక తప్పు ఒక్కసారి పడితే, కంపోజు చేసినవాడి చెయ్యి జారిందనుకుంటాను, దిద్దేసి వదిలేస్తాను" అంది ఆవిడ. "అదే తప్పు నాలుగు చోట్ల పడితే మాత్రం ఆగి, వెనక్కెళ్ళి, మొత్తం మళ్ళీ చదువుతాను. అది చెయ్యి కాదు, రాసినాయన మనసు. ఇవాళ ప్రెస్సులో పని మానేసి ఈ రెండు పుస్తకాలూ చదివాను. మీరు కొట్టేసినవన్నీ మెట్లో, ఎక్కడం దిగడమో ఉన్నవి. ఉంచినవన్నీ బస్సు వెళ్ళేవి. పైగా ఆరు నెలలు ఆగాల్సిన ఓడ వద్దు, అయిదు వారాల్లో పోయే ఓడ ముద్దు. మోకాళ్ళ నొప్పికి అంత తొందరేమిటండీ?"

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఎవరి కాళ్ళ గురించి ఈ ఏర్పాట్లు? మీకేదో తెలుసు. చెప్పండి."

ఆయన ముందు కాదన్నాడు. తర్వాత ఏమీ లేదన్నాడు. ఆ తర్వాత కట్ట తెగినట్టు అంతా చెప్పేశాడు. పసుపు చీటీ, స్లైడు, ఊదారంగు చుక్కలు, నర్సమ్మ, లాండ్రీవాడి చెల్లెలు, లెక్కల మేష్టారు. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు. యాభై రెండేళ్ళ మనిషి, చొక్కా చేత్తో మొహం తుడుచుకుంటూ, ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చాడు.

ఆవిడ కదల్లేదు. మొహంలో రంగు పోయింది గానీ గొంతు మారలేదు.

"చూసి ఎన్ని రోజులైంది?"

"సోమవారం చూశాను."

"నాలుగు రోజులు. కూర తరుగుతుంటే చూశారు, జడేసుకుంటుంటే చూశారు. మావారికి ఈ వయసులో నా మీద ఇంత మోజేమిటా అనుకున్నాను, పిచ్చిదాన్ని! ఎన్నాళ్ళుంటానోనని చూశారన్నమాట."

"అలా అనకు."

"మరేమనమంటారు? సరే, పోతాననే అనుకుందాం. ఉన్న ఆ నాలుగు రోజులూ నన్ను బస్సులో కూర్చోబెట్టి, అద్దంలోంచి గోడలు చూపించి తీసుకొచ్చేద్దామనుకున్నారా? ఎక్కగలనో లేదో నన్నడగాలని కూడా అనిపించలేదా? పదమూడు వందల మెట్లూ ఎక్కలేకపోతే పదో మెట్టు మీద కూర్చుంటాను. పదో మెట్టు మీంచి కూడా సముద్రం కనిపిస్తుంది."

ఆయన రెండు చేతుల్లో తల పట్టుకుని కూర్చున్నాడు. చివరికి ఆవిడే లేచి వచ్చింది. తలను తన పొట్టకు ఆనించుకుని, వీపు మీద చెయ్యి వేసి, "ఊరుకోండి, ఊరుకోండి" అంది. బలవంతాన రెండు ముద్దలు తినిపించింది. ఆ తర్వాత కాగితం తీసుకుని చేయాల్సిన పనులు రాసింది. ప్రెస్సులో సెలవు ఎవరితో చెప్పాలి, అక్కకు ఫోను చేసేటప్పుడు మాట ఎలా మొదలుపెట్టాలి, గ్యాసు సిలిండరు ఎప్పుడు అయిపోతుంది. అచ్చుకు పంపే కాగితంలా ఒక్క కొట్టివేతా లేకుండా రాసింది. ఇంత ధైర్యం ఎక్కడిదీ మనిషికి అని ఆయన ఆశ్చర్యపోయాడు. ఆ ధైర్యం చూసుకుని, చెప్పుకోవడానికి సిగ్గుచేటు, కాస్త కునుకు కూడా తీశాడు.

శుక్రవారం మూడింటికి డాక్టరమ్మ ఇద్దర్నీ తన గదిలోకి పిలిచింది. ఆయన కుర్చీ అంచున కూర్చుని, డాక్టరమ్మ పెదాల వైపు చూడలేక, బల్ల మీది కాలెండరు వైపు చూశాడు.

"భయపడాల్సింది ఏమీ లేదమ్మా" అంది డాక్టరమ్మ. "కాన్సరు కాదు."

ఆయనకు అర్థం కాలేదు. వినిపించిందే గానీ అర్థం కాలేదు.

"పాలగ్రంథులు కొన్నిచోట్ల గట్టిపడి, ఒకదాన్నొకటి నొక్కుకుంటూ ఉంటాయి. పైపైన చూస్తే అచ్చం కాన్సరులాగే కనిపిస్తుంది. మాబోటి వాళ్ళమే తికమక పడతాం. అందుకే రెండో రంగు వేయించాను. అందులో స్పష్టంగా తేలిపోయింది. ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకోండి, చాలు." అప్పుడు డాక్టరమ్మ చూపు ఆయన మొహం మీద పడింది. "మీరు స్లైడు చూశారు కదూ?"

ఆయన తల దించుకున్నాడు.

"ఇరవై తొమ్మిదేళ్ళు నా దగ్గర పనిచేసి! నేను రాసే పసుపు చీటీల్లో సగానికి పైగా ఏమీ లేదనే తేలతాయి. అవి మీకు గుర్తుండవు. ఎందుకుంటాయి? వాళ్ళు ఇంటికెళ్ళిపోతారు, మళ్ళీ ఇటు రారు. దీని సంగతి సోమవారం మాట్లాడదాం. ముందు ఆవిణ్ణి ఇంటికి తీసుకెళ్ళండి."

ఇంటికి వెళ్ళలేదు, టూరు ఆఫీసుకు వెళ్ళారు. ఆయనే పట్టుబట్టాడు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో పట్టించుకునే స్థితిలో లేడు. బస్సులో ఎవరూ అడక్కుండానే ఎవరికో లేచి సీటిచ్చాడు. దుబ్రోవ్నిక్ గోడ రెండుసార్లు నడుద్దామన్నాడు, కోటోర్ మెట్లన్నీ ఎక్కి పైన ఫోటో తీసుకుందామన్నాడు, పడవ చిన్నదైతే మరీ మంచిదన్నాడు. ఆవిడ ఊఁ కొడుతూ కూర్చుంది. కోపం ఇంకా దిగలేదు కాబోలు, దిగుతుందిలే అనుకున్నాడు.

టూరు ఆఫీసు ఒక చిన్న గది. గోడ నిండా ఓడల బొమ్మలు, మధ్యలో గడియారం. అయిదూ నలభై అయింది.

"వచ్చేశారా! ఇంకాస్త అయితే గది చెయ్యి జారిపోయేదే" అని టూరు ఆఫీసాయన సంబరంగా ఒక కాగితం ముందుకు జరిపాడు. "తెల్ల ఓడేగా? మొదటి ప్రయాణికురాలు మీరే నింపండమ్మా. ఆరింటిలోగా పంపేయాలి."

ఆవిడ పెన్ను తీసుకుంది. పేరు రాసింది, పుట్టిన తేదీ రాసింది, అడ్రసు రాసింది. ఆవిడ చేతిరాత అచ్చక్షరాల్లా ఉంటుంది. ఏడో గడి దగ్గరికి వచ్చింది. గత ఆరు నెలల్లో ఏమైనా వైద్యపరీక్షలు జరిగితే ఆ వివరాలు, ఫలితం రాయమని ఉంది.

ఒక మాట రాసింది. రెండో మాట సగంలో పెన్ను ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. అక్షరాలు గడి దాటి పక్కకి పాకాయి. ఇరవై ఏడేళ్ళలో ఆవిడ రాత అలా ఉండగా ఆయన చూడలేదు.

"ఏమైంది?"

"చెయ్యి ఆడట్లేదండీ."

"ఇంకేముంది, అంతా అయిపోయింది కదా. ఏమీ లేదన్నారు కదా..."

"మీకు అయిపోయింది" అంది ఆవిడ మెల్లగా, టూరు ఆఫీసాయనకు వినపడకుండా. "సోమవారం నుంచి మీరు భయపడ్డారు, నిన్న నన్ను పట్టుకుని ఏడ్చారు, ఇవాళ తేలికపడ్డారు. నాకు తీరికెక్కడ దొరికింది? నిన్నంతా మిమ్మల్ని ఊరుకోబెట్టడంతోనే సరిపోయింది. ఇప్పుడిక్కడ ఫలితం అని చదవగానే... నేను చచ్చిపోతాననుకున్నానండీ. నిజంగా పోతాననుకున్నాను. ఆ డాక్టరమ్మ కాదని చెప్పినా నా ఒంటికి తెలియట్లేదు."

ఆవిడ పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. పెన్ను జారి కింద పడింది. ఆయన దాన్ని తీయడానికి వంగబోయి ఆగిపోయాడు. ఈ వారమంతా ఆవిడ కోసం భయపడ్డాడే గానీ, ఒక్క పూటైనా ఆవిడతో కలిసి భయపడలేదు. ఆవిడ వాటా కూడా తనే లాక్కుని, దాచుకుని, చివరికి ఆవిడ మీదే దింపాడు. ఆ సంగతి ఇప్పుడు తెలిసొచ్చింది. తెలిశాక, పక్కనే ఉండి ఆవిణ్ణి ఒంటరిని చేశానని ఆయనకు కొత్తగా భయం వేసింది. అది స్లైడు చూసిన నాటి భయం కన్నా తక్కువేమీ కాదు.

"సార్, ఆరవుతోంది" అన్నాడు టూరు ఆఫీసాయన ఇబ్బందిగా. "ఆరు దాటితే ఆ గది వేరేవాళ్ళకి వెళ్ళిపోతుంది. మీరు రాసేయండి పోనీ, అమ్మగారు సంతకం పెడితే చాలు."

"వెళ్ళిపోనీండి" అన్నాడాయన.

కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నాడు. భయపడకు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాడు. ఆవిడ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. మంచుముక్కలా ఉంది.

"చాలా భయంగా ఉందా?"

"చాలా."

టూరు ఆఫీసాయన ఒక గ్లాసు నీళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టి, వెనక గదిలోకి వెళ్ళిపోయాడు. గోడమీద గడియారం ఆరు కొట్టింది.

"ఎప్పటికి తగ్గుతుందండీ ఇది?" అని అడిగింది ఆవిడ.

"నాకు తెలీదు" అన్నాడాయన.